ఒండ్రు తోడే గొట్టం

సముద్రం అడుగున జరిగే తవ్వకాల్లో, పురావస్తు శాస్త్రం చదవని స్వచ్ఛంద డైవర్లకు బరువులు మోయడం తప్ప పని ఏముంటుందని ఒక పాఠకుడు అడిగారు. నాకు వెంటనే మేరీ రోజ్ గుర్తొచ్చింది.

ఇంగ్లండ్ రాజు 8వ హెన్రీ యుద్ధనౌక అది. 1545 జులై 19న పోర్ట్స్‌మత్ దగ్గర మునిగింది. 1965లో రచయిత అలెగ్జాండర్ మెక్కీ, స్థానిక డైవింగ్ క్లబ్బు సభ్యులు దాని కోసం వెతకడం మొదలుపెట్టారు. 1971లో ఓడ కొయ్యలు బయటపడ్డాయి. 1979–82 మధ్య 500 మందికి పైగా స్వచ్ఛందంగా నీళ్లలోకి దిగారు. మొత్తం మునకలు దాదాపు 28 వేలు!

అంతమందీ ప్రధానంగా చేసిన పని ఒండ్రు తీయడం. అది తీసిన పద్ధతి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ఒక గొట్టం కింది కొసలోకి పైనుంచి గాలి పంపుతారు. బుడగలు కలిసిన నీరు తేలికవుతుంది. బయటి నీటి బరువు ఎక్కువ కనుక అది కింది నోట్లోకి తోసుకొస్తుంది, వెంట ఒండ్రునూ తెస్తుంది. 12 మీటర్ల లోతులో పీడనం సుమారు 2.2 అట్మాస్ఫియర్లు, అంటే నీటి పైన ఉన్నదానికి 2.2 రెట్లు. అక్కడి లీటరు గాలి ఉపరితలానికి చేరితే 2.2 లీటర్లవుతుంది. గొట్టం అంత పొడవు లేకపోయినా, ఎక్కేకొద్దీ బుడగ ఉబ్బుతూనే ఉంటుంది. కొత్త బోరులోకి కంప్రెసర్‌తో గాలి వదిలితే బురద నీళ్లు ఎగజిమ్మడం మన ఊళ్లలో చూసిందే. పీడనం తగ్గేకొద్దీ గాలి ఉబ్బుతుందనే బాయిల్ నియమాన్ని నల్లబల్ల మీద కాదు, పిల్లలను ఆ బోరు దగ్గరకు తీసుకెళ్లి చెప్పాలి.

అయితే ఆ గొట్టాన్ని వస్తువుకు ఆనిస్తే వస్తువునే మింగేస్తుంది. అందుకే దాన్ని కాస్త దూరంగా పట్టుకుని, రెండో చేత్తో విసనకర్రలా నీటిని మెల్లగా విసరాలి. లేచిన ఒండ్రు గొట్టంలోకి పోతుంది, వస్తువు ఉన్నచోటే ఉంటుంది. ఎంత విసరాలో, ఎప్పుడు ఆపాలో తెలుసుకోవలసింది ఆ అరచెయ్యే. దానికి పట్టా కన్నా ఓర్పు ముఖ్యం.

ఒండ్రు కింద ఆక్సిజన్ అందదు. కొయ్యను తొలిచే పురుగు అక్కడ బతకలేదు. అందుకే పోర్ట్స్‌మత్ మ్యూజియంలో ఈనాటికీ ఆ నావికుల కొయ్య దువ్వెనలు ఉన్నాయి. మన పేల దువ్వెనలాగే సన్నని పళ్లు. కొన్నింటి పళ్ల సందుల్లో 1545 నాటి పేలు కూడా దొరికాయి.