ట్రక్కుకి ఆ ముసుగేంటి తాతయ్యా?

ఫార్గో, నార్త్ డకోటా

చి. బుజ్జికీ, చి. చంటికీ తాతయ్య ఆశీస్సులు.

ఫోటోలో మన డీజిల్ ట్రక్కు ముందు నల్లగుడ్డ కట్టి ఉందేంటి, రిపేరా అని అడిగారు. రిపేరేం కాదర్రా. అది చలికాలంలో గ్రిల్‌కి, అంటే బండి ముందు గాలి దూరే జాలీకి, తొడిగే ముసుగు. పైన దళసరి రెక్సిన్, లోపల మెత్తటి అస్తరు, చుట్టూ టిచ్ బటన్లు. మధ్యలో వెల్క్రోతో మూసే చిన్న చిన్న తలుపులుంటాయి. ఆ తలుపులు ఎప్పుడు తెరవాలో తెలియాలి, లేకపోతే ముసుగు వల్ల మేలు కంటే కీడే ఎక్కువ.

మీ విజయవాడలో ఎండాకాలం ఇంజిన్ వేడెక్కిపోతుందని టెన్షన్. ఇక్కడ జనవరిలో కొన్ని రాత్రులు మైనస్ 30కి దిగుతుంది, అప్పుడు ఇంజిన్ వేడెక్కదేమోనని టెన్షన్. చుట్టూ చదును నేల, గాలికి అడ్డనేది లేదు.

డీజిల్ ఇంజిన్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లోకి వచ్చిన గాలిని పిస్టన్ పదహారో వంతుకో, పదిహేడో వంతుకో నొక్కేస్తుంది. ఆ నొక్కుడుకి గాలి 500 డిగ్రీలు దాటి కాగుతుంది. అందులోకి డీజిల్ చిమ్మగానే దానంతట అదే అంటుకుంటుంది. చుట్టూ ఉన్న ఇనుము మైనస్ 30లో ఉంటే మాత్రం ఆ వేడిని ముందు అదే లాగేస్తుంది. అందుకే ఇంజిన్‌ని వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్‌ని రాత్రంతా కరెంటుకి తగిలిస్తాం. గ్రిల్ కింద వేలాడే వైరు దానిదే. పొద్దున ఇంజిన్ స్టార్ట్ అవడానికి సాయపడేది ఆ వైరే, ముసుగు కాదు. ముసుగుకి వేడి పుట్టించే శక్తి లేదు, ఉన్న వేడిని పోకుండా ఆపుతుంది, అంతే.

ఆ ఉన్న వేడి కూడా డీజిల్ దగ్గర తక్కువే. పెట్రోల్ ఇంజిన్ పని లేనప్పుడు గాలిని కూడా తగ్గించి పీలుస్తుంది. డీజిల్ ఇంజిన్ ఊరికే తిరుగుతున్నా సిలిండర్ నిండా గాలి పీల్చి, ఇంధనం మాత్రం కొంచెమే వాడుతుంది. కొంచెం మంట, బోలెడు చల్లగాలి. ఎంతసేపు అలా నిలబెట్టి ఉంచినా లోపల కూర్చున్నవాళ్ల కాళ్లు వెచ్చబడవు.

రేడియేటర్‌ని కప్పితే కూలెంట్, అంటే ఇంజిన్ చుట్టూ తిరిగి దాన్ని చల్లబరిచే ద్రవం, వేడిగా ఉంటుందని ఇక్కడ కూడా చాలామంది అనుకుంటారు. అది సగం నిజమే. కూలెంట్ 80, 90 డిగ్రీల దగ్గరకు వచ్చేదాకా థర్మోస్టాట్ దాన్ని రేడియేటర్ వైపు వెళ్లనివ్వదు. వేడిని ఎత్తుకుపోయే అసలు దొంగ గాలే. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోతుంటే గ్రిల్ లోంచి దూరిన గాలి ఇంజిన్ ఒంటి మీద, అడుగున ఉన్న ఆయిల్ తొట్టి మీద నేరుగా కొడుతుంది. వేడన్నం మీద ఫ్యాన్ పెట్టినట్టే. ఆయిల్ సరిగ్గా వేడెక్కకపోతే, ఇంధనం మండినప్పుడు పుట్టే తేమ బయటికి పోక అందులోనే ఉండిపోతుంది. ఆయిల్ మూత తిప్పి చూస్తే లోపలివైపు తెల్లటి జిడ్డు అంటుకుని కనిపిస్తుంది. చలి మరీ ముదిరితే ఇంజిన్ ఊపిరి వదిలే గొట్టంలో ఆ తేమ గడ్డకట్టి దారి మూసుకుపోవచ్చు కూడా.

మరి అంతా మూసేస్తే పోలా? అక్కడే చిక్కు. ఇంజిన్‌కి ఉండే టర్బో అనే పంపు గాలిని సిలిండర్లలోకి కుక్కి పంపుతుంది. కుక్కిన గాలి కాగిపోతుంది. దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్ గ్రిల్ వెనకే ఉంటుంది. దానికి గాలి తగలకపోతే ఇంజిన్ బలం తగ్గుతుంది, పొగ మరీ వేడెక్కుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. డీజిల్ ఇంజిన్లు చేసే క్యాటర్‌పిల్లర్ కంపెనీ వాళ్లకి ఈ ముసుగులంటే అసలు ఇష్టం లేదు. వాడక తప్పకపోతే కనీసం 770 చదరపు సెంటీమీటర్ల కంత ఎప్పుడూ తెరిచి ఉంచమంటారు, అంటే సుమారు 28 సెంటీమీటర్ల చదరం. అదీ ఫ్యాన్ నడిమికి ఎదురుగా ఉండాలి. కంత ఒక పక్కకి ఉంటే ఫ్యాన్ రెక్క ప్రతి చుట్టులోనూ కాసేపు గాలిలో, కాసేపు గాలి లేనిచోట తిరిగి, ఆ ఊపుకి చివరికి విరిగిపోవచ్చు. రేడియేటర్ ముందు అట్టముక్కలు దోపేవాళ్లకి ఈ సంగతి ఎంత చెప్పినా ఎక్కదు!

ట్రైలర్ లాగుతున్నా, ఎత్తు ఎక్కుతున్నా తలుపులు తెరవాలి. ఫ్యాన్ ఉన్నట్టుండి గట్టిగా రొద పెట్టిందంటే తెరవడం ఆలస్యమైందని అర్థం. ఉష్ణోగ్రత సున్నా దాటి పైకి వస్తే ముసుగు తీసేయడమే.

ట్యాంకులో డీజిల్ గడ్డకట్టడం వేరే సంగతి, ముసుగు దాన్ని ఆపదు. డీజిల్‌లో ఉండే మైనం చలికి పేరుకుని ఫిల్టర్‌ని మూసేస్తుంది. అందుకే చలికాలానికి వేరే రకం డీజిల్ అమ్ముతారు. మన దేశంలోనూ లడఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో అలాంటిది తెచ్చింది, మైనస్ 33 దాకా పారుతుంది.

కొత్త ట్రక్కుల్లో కొన్నింటికి గ్రిల్ వెనకే రెక్కలుంటాయి, కంప్యూటరే తెరిచి మూస్తుంది. మనది పాత బండి, ఆ పని నాదే. ముసుగుని నవంబరులోనే, చలి ముదరక ముందే తొడిగేస్తాను. తర్వాతైతే రెక్సిన్ బిర్రబిగిసి టిచ్ బటన్లు ఒకదానికొకటి అందవు, గ్లౌజులు తీసి నొక్కాలంటే వేళ్లు కొంకర్లు పోతాయి.

మీ తాతయ్య