కీమో లైన్ దగ్గర గడ్డ కడుతుందని తెలిసీ ముందే మందు ఎందుకివ్వరు?

మా అత్తయ్యకి రెండో కీమో అయిన పది రోజులకి కుడిచేతి గాజులు బిగుసుకుపోయాయి. ఏదో నీరు పట్టిందిలే అని సబ్బు రాసి లాగేశాం, మర్నాటికి మోచేతి పైన కూడా వాచింది, రెండు చేతులూ పక్కపక్కన పెడితే తేడా ఇట్టే తెలిసిపోతోంది. కీమో ఎక్కించే పిక్ లైన్, అంటే చేతి నరంలోంచి గుండె దగ్గరిదాకా పంపే సన్న ట్యూబు, వేసింది ఆ చేతికే. డాప్లర్ స్కాన్ తీసి లైన్ చుట్టూ రక్తం గడ్డ కట్టిందన్నారు. మావయ్యది ఒకటే గోల, "గడ్డలు కడతాయని ముందే తెలుసు కదా, రోజుకో మాత్ర వేసుంటే పోయేదిగా" అని, పైగా గడ్డ కట్టాక కూడా ఆ లైన్ పీకరేంటని. నాకూ అదే డౌట్, కాస్త చదివితే అర్థమైంది, ఆ రోజుకో మాత్ర నిజంగానే చాలాకాలం వేశారు, తర్వాత వాళ్లే మానేశారు.

క్యాన్సర్‌కీ గడ్డలకీ ఉన్న లింకు పాతదే. పారిస్‌లో ట్రూసో అనే డాక్టర్ 1865లోనే చెప్పాడు, పాపం రెండేళ్లకి తన ఒంట్లోనే అలాంటి గడ్డ కనిపిస్తే తనకొచ్చింది ఏ జబ్బో తనే తేల్చేసుకున్నాడు, అదే ఏడాది కడుపు క్యాన్సర్‌తో పోయాడు. జర్మనీలో విర్షో అనే డాక్టర్ గడ్డకి మూడు కారణాలు చెప్పాడు: రక్తం నెమ్మదించడం, నరం లోపలి గోడ దెబ్బతినడం, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం. కీమో లైన్ వేసుకున్న మనిషిలో ఈ మూడూ ఉంటాయి, ట్యూబు నరంలో కొంత చోటు తినేసి రక్తాన్ని నెమ్మదింపజేస్తుంది, దాని రాపిడికీ మందుకీ గోడ ఒరుసుకుపోతుంది, మూడోది క్యాన్సరే చూసుకుంటుంది.

మరి ఇంత రిస్కుతో ట్యూబెందుకు అంటే, అడ్రియామైసిన్, విన్‌క్రిస్టిన్ లాంటి కీమో మందులు చేతి మీద సన్న నరంలోంచి బయటికి కారితే చర్మం, కండ కాలిపోయినట్టు అయిపోతాయి. గుండె దగ్గరున్న పెద్ద నరంలో అయితే రక్తం జోరుగా పారుతుంది, మందు వెంటనే పలచబడిపోతుంది. అక్కడిదాకా ట్యూబు పంపొచ్చని చూపించింది ఫోర్స్‌మన్ అనే డాక్టర్, 1929లో జర్మనీలో తన చేతి నరంలోకి తనే ట్యూబు తోసుకుని ఎక్స్‌రే రూముకి నడుచుకుంటూ వెళ్లాడు, నోబెల్ మాత్రం 1956లో వచ్చింది. నెలల తరబడి ఉంచే హిక్‌మన్ లైన్ 1979లో సియాటిల్‌లో, చర్మం కింద దాచే పోర్టులు 80ల మొదట్లో వచ్చాయి. వీటితో పాటే చేతుల వాపులూ.

అసలు మలుపు 1990. అమెరికాలో 82 మంది మీద ఒక స్టడీ వచ్చింది, లైన్ ఉన్నవాళ్లకి రోజూ 1 మిల్లీగ్రాము వార్‌ఫరిన్ (రక్తం పలచబడే మాత్ర) ఇచ్చారు, గడ్డ కట్టింది 42 మందిలో నలుగురికే, మందు ఇవ్వని 40 మందిలో 15 మందికి. మాత్ర చవక, డోసు చిన్నది, ఇంక ఏం కావాలి, చాలామంది డాక్టర్లు రాయడం మొదలుపెట్టారు.

మెలిక ఒకటుంది. ఆ స్టడీలో వాపూ నొప్పీ లేకపోయినా అందరికీ డై ఎక్కించి ఫొటోలు తీశారు, కనిపించిన ప్రతి గడ్డనీ లెక్కేశారు. కానీ ఇలాంటి గడ్డల్లో చాలావరకు చడీచప్పుడూ లేకుండానే ఉండిపోతాయి, మనిషిని ఇబ్బంది పెట్టేవి కొన్నే. ఆ కొన్నింటినే లెక్కపెట్టిన పెద్ద స్టడీలు వచ్చేసరికి సీన్ మారిపోయింది. 2005లో కెనడాలో 255 మందిని చూస్తే అలాంటి గడ్డ వచ్చింది వార్‌ఫరిన్ వాడినవాళ్లలో 4.6 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 4 శాతం మందికి. 2009లో బ్రిటన్‌లో 1,590 మందితో చేసినదాంట్లో కూడా వాడినా వాడకపోయినా దాదాపు 6 శాతమే, రక్తస్రావాలు మాత్రం వార్‌ఫరిన్ వైపే కాస్త ఎక్కువ. దానికి తోడు ఫైవ్ ఎఫ్‌యూ లాంటి కీమో మందులతో వార్‌ఫరిన్ కలిస్తే రక్తం మరీ పలచబడిపోతుంది, ప్లేట్‌లెట్లు పడిపోయి ఉన్న మనిషికి అదెంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. అందుకే ఇప్పటి గైడ్‌లైన్స్ లైన్ వేసిన ప్రతి ఒక్కరికీ బ్లడ్ థిన్నర్ వద్దంటాయి. మావయ్యకి ఇది నిర్లక్ష్యంలా అనిపించింది, ఆయన్ని తప్పుపట్టలేను, మాకు ఆ నాలుగు ముక్కలు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

లైన్ పీకకపోవడానికి కూడా లెక్కుంది. 2007లో కెనడా డాక్టర్లే గడ్డ కట్టిన 74 మందికి లైన్ అలాగే ఉంచి మూడు నెలలు మందులిచ్చారు, గడ్డ మూలంగా ఒక్క లైనూ పోలేదు. పీకేస్తే ఇంకో చోట గుచ్చాలి, అక్కడా గడ్డ కట్టొచ్చు. లైన్ పనిచేస్తూ, ఇన్ఫెక్షన్ లేకుండా, ఇంకా అవసరం ఉంటే ఉంచేయడమే ఇప్పటి పద్ధతి, రక్తం పలచబడే మందు మాత్రం కనీసం మూడు నెలలు. ఇక పిక్ లైన్లలో గడ్డల రిస్కు మిగతా సెంట్రల్ లైన్ల కంటే ఎక్కువని 2013లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, 2021లో బ్రిటన్ వాళ్లు పిక్, హిక్‌మన్, పోర్టు మూడూ పోల్చి చూస్తే పోర్టుకే కాంప్లికేషన్లు తక్కువ. పోర్టుకి ఖర్చెక్కువ, చిన్న ఆపరేషనూ కావాలి, మనవాళ్లు పిక్ వైపు మొగ్గేది అందుకే.

అత్తయ్యకి పొట్ట మీద రక్తం పలచబడే ఇంజెక్షన్లు పొడిచారు, వాపు రెండు వారాల్లో తగ్గింది, మిగిలిన నాలుగు కీమోలూ ఆ లైన్‌లోంచే ఎక్కాయి. గాజులు మాత్రం ఒక సైజు పెద్దవి కొనిపించుకుంది, పొద్దున్నే లేచి అవి మోచేతిదాకా జారుతున్నాయో లేదో చూసుకునేది.