మూడు లెప్టాన్లూ ఒకటేనా? 2021 నాటి ప్రశ్న వెనుక కథ

2021 మార్చిలో జెనీవా దగ్గరి కణ భౌతిక ప్రయోగశాల సెర్న్ నుంచి ఒక వార్త వచ్చింది: ఒక విఘటనలో ఎలక్ట్రాన్లు, మ్యూయాన్లు సమానంగా రావాల్సింది, మ్యూయాన్లు తక్కువగా వస్తున్నాయని. అప్పుడు శ్రీకాకుళంలో మా డిగ్రీ పిల్లలు అడిగిన మొదటి మాట: "మాస్టారూ, స్టాండర్డ్ మోడల్ తప్పని తేలిపోయినట్టేనా?" స్టాండర్డ్ మోడల్ అంటే మూలకణాల గురించి, వాటి మధ్య బలాల గురించి చెప్పే సిద్ధాంతం. ఆ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ వార్త వెనుక చాలా ఏళ్ల కథ ఉంది.

ఎలక్ట్రాన్ 1897లో దొరికింది. 1936లో ఆండర్సన్, నెడర్‌మేయర్ కాస్మిక్ కిరణాల్లో మ్యూయాన్‌ను పట్టుకున్నారు. దాని బరువు ఎలక్ట్రాన్‌కు 207 రెట్లు, మిగతా తీరంతా ఎలక్ట్రాన్‌దే. 1975 నాటికి ఇంకా బరువైన టౌ కూడా వచ్చి చేరింది. ఈ మూడూ లెప్టాన్లనే కుటుంబంలోని కణాలు. బరువు సంగతి పక్కన పెడితే, కణాలు ఇలా విడిపోవడానికి కారణమైన 'బలహీన బలం' ఈ మూడింటినీ ఒకేలా చూడాలి. సిద్ధాంతం చెప్పేది ఇదే.

మరి పయాన్ అనే కొద్దిసేపే బతికే కణం విడిపోయినప్పుడు దాదాపు ఎప్పుడూ మ్యూయానే ఎందుకు వస్తుంది? ఎలక్ట్రాన్ వచ్చేది పదివేలకు ఒకసారి. పైకి చూస్తే ఇది పచ్చి పక్షపాతం. కానీ బలం సమానమైనా, స్పిన్ (కణం తన చుట్టూ తాను తిరగడం లాంటి గుణం) దిశ నియమం వల్ల తేలికైన ఎలక్ట్రాన్‌కు దారి దాదాపు మూసుకుపోతుందని సిద్ధాంతమే లెక్క కట్టింది. 1958లో సెర్న్‌లో ఆ అరుదైన విఘటన కనిపించింది. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. తర్వాత 1990లలో అక్కడే, బలహీన బలాన్ని మోసే జెడ్ బోసాన్ అనే కణం మూడింటినీ సమానంగా ఇస్తుందని, వెయ్యికి మూడు వంతుల కచ్చితత్వంతో తేలింది.

2021 గొడవ బీ మెసాన్లనే బరువైన, త్వరగా విడిపోయే కణాలది. అవి విడిపోయేటప్పుడు కేయాన్ అనే తేలికైన మెసాన్‌తో పాటు మ్యూయాన్ల జంటను ఎన్నిసార్లు ఇస్తాయో, ఎలక్ట్రాన్ల జంటనూ అన్నిసార్లే ఇవ్వాలి. నిష్పత్తి 1 ఉండాలి. సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగ బృందానికి 2014లో 0.745, 2021లో 0.846 వచ్చింది. 2022 డిసెంబరులో అదే బృందం మళ్లీ తరచి చూసింది. కొన్ని పయాన్లు, కేయాన్లు ఎలక్ట్రాన్లుగా లెక్కలో పడ్డాయని తేలింది. పలాసలో జీడిపప్పు ఏరేవాళ్లకు ఈ తిప్పలు బాగా తెలుసు, గుండు పప్పులో బద్దలు కలిస్తే గ్రేడే మారిపోతుంది. వాటిని తీసేశాక నిష్పత్తి 1 దగ్గరకు వచ్చేసింది.

టౌ సంగతి మాత్రం తేలలేదు. బీ మెసాన్ డీ మెసాన్‌గా మారేటప్పుడు టౌలు లెక్కకు మించి వస్తున్నాయని 2012లో అమెరికాలోని బాబార్ ప్రయోగం చెప్పింది. తర్వాతి కొలతలన్నీ కలిపి చూసినా దాదాపు మూడు సిగ్మాల తేడా ఉంది, అంటే కాకతాళీయం అనుకోవడం కష్టమే, కానీ కొత్తది కనుక్కున్నాం అనడానికి చాలదు. టౌ విడిపోయేటప్పుడు దాదాపు దేనితోనూ కలవని న్యూట్రినోలనే కణాలు కంటపడకుండా జారిపోతాయి, అందుకే లెక్క కష్టం. జపాన్‌లోని బెల్లె-2 ప్రయోగం ఈ లెక్కే మళ్లీ వేస్తోంది.