దువ్వెనలో మిగిలిన వెంట్రుక

మైలాపూరు, చెన్నై
కార్తీకమాసం

చిరంజీవులకు ఆశీస్సులు.

ముందుగా దువ్వెనలోంచి ఒక పొడుగాటి వెంట్రుక తీసుకోండి. తలలోంచి పీకొద్దు, దానంతట అది రాలిందే కావాలి. తెల్లకాగితం మీద పెట్టి కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళండి. ఈ ఉత్తరం అయిపోయేదాకా దాన్ని పారేయకండి, అడుగడుగునా దానితో పని ఉంది.

ఒక కొసన ఆవగింజలో పదోవంతు కూడా లేని తెల్లటి ముడి కనిపిస్తుందా? దాన్ని చూసి ఇంట్లో పెద్దవాళ్ళు "అయ్యో, కుదురుతో సహా ఊడొచ్చేసింది" అని బెంగపడుతుంటారు. కుదురు అలా ఊడిరాదు. అది చర్మం లోపల మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతున, చిన్న సంచీలాగా ఉంటుంది. సంచీ అడుగున రక్తనాళాలున్న ఒక బుడిపె, దాని చుట్టూ ఆగకుండా చీలిపోయే కణాలు. కొత్త కణాలు కింద పుడుతూ పాతవాటిని పైకి నెడుతుంటాయి. పైకి వెళ్ళే దారిలోనే వాటినిండా కెరాటిన్ అనే ప్రోటీన్ నిండి, గట్టిపడి, చచ్చిపోతాయి. చర్మం దాటి బయటికి వచ్చేసరికి వెంట్రుకలో ప్రాణమున్న కణం ఒక్కటీ ఉండదు. అందుకే జుట్టు కత్తిరిస్తే నొప్పి లేదు, లాగితే నొప్పి ఉంది. రంగు వేసుకున్నవాళ్ళ తలలో నెల తిరిగేసరికి తెలుపు ఎక్కడ కనబడుతుందో గమనించండి. మొదట్లోనే. పెరుగుదల అంతా అక్కడే కాబట్టి.

ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతావన్నీ వాటంతట అవే తెలుస్తాయి. "జుట్టుకు పోషణ" అని సీసాల మీద రాస్తారే, చచ్చిన పోగు దేన్నీ తినలేదు. తినేది కుదురు. దానికి అన్నం వచ్చేది మీరు తిన్న పప్పు, ఆకుకూర, గుడ్డులోంచి, రక్తం దారిన. కొబ్బరినూనెకు వేరే గుణం ఉంది. దాని అణువులు చిన్నవి, తిన్ననివి కాబట్టి పోగు లోపలికి దిగుతాయి. తల రుద్దుకునేటప్పుడు ప్రోటీను కరిగి కారిపోకుండా కొంత కాపాడతాయి. పెట్రోలియం నుంచి తీసే మినరల్ నూనె పైనే పూతగా ఉండిపోతుంది. కాబట్టి తలంటుకు ముందు కొబ్బరినూనె రాయడం మంచిపనే. అయితే అది పోగుకు కాపలా, కుదురుకు భోజనం కాదు.

మళ్ళీ ఆ తెల్లముడి దగ్గరికి వద్దాం. తలమీద ప్రతి వెంట్రుకా రెండు నుంచి ఆరేళ్ళు పెరుగుతుంది. తరవాత రెండు మూడు వారాల్లో కుదురు ముడుచుకుంటుంది, వెంట్రుక కింది కొస గదలాగా గట్టిపడుతుంది. అలాగే మూడు నెలలు విశ్రాంతిగా ఉండి రాలిపోతుంది. కుదురు మాత్రం అక్కడే ఉండి మరో వెంట్రుకను మొదలుపెడుతుంది. మీ చేతిలో ఉన్నది ఆ గద. ఇప్పుడొక లెక్క. తలమీద దాదాపు 1 లక్ష వెంట్రుకలు. అందులో పదోవంతు, అంటే 10,000, ఏ రోజు చూసినా విశ్రాంతిలో ఉంటాయి. మూడు నెలలంటే దాదాపు 100 రోజులు. అంటే రోజుకు 100 రాలాలి! రాలకపోతేనే ఆశ్చర్యపోవాలి.

నెలకు పెరిగేది సుమారు 1 సెంటీమీటరు. అయిదేళ్ళు పెరిగే వెంట్రుకకు 60 సెంటీమీటర్ల జడ వస్తుంది, రెండేళ్ళకే ఆగిపోయేది భుజం దాటదు. జడ పొడుగును తేల్చేది వేగం కన్నా ఈ గడువే. కనుబొమ వెంట్రుకకు గడువు కొన్ని నెలలే, అందుకే దానికి ఎన్నడూ జడ వేయాల్సిన అవసరం రాలేదు. ఆవుకూ వీధికుక్కకూ అంతే, ఒక పొడుగు రాగానే ఆగి రాలుతుంది. మనిషి ఏరి పెంచిన గొర్రెల్లో ఉన్ని ఆగకుండా పెరుగుతూనే ఉంటుంది, కత్తిరించకపోతే దానికే బాధ.

గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుందంటారు. కత్తి చర్మం పైనే ఆగుతుంది, కుదుళ్ళ సంఖ్య మారదు. మునుపటి వెంట్రుక కొస సన్నగా, మొనదేలి ఉండేది. గుండు తరవాత వచ్చేదానికి కోసిన మొద్దు కొస ఉంటుంది. చేతికి ముళ్ళలా తగిలి దళసరిగా అనిపిస్తుంది, అంతే. తలనీలాలు మొక్కు కోసం ఇస్తారు, అది వేరే విషయం.

డెంగీ లాంటి గట్టి జ్వరం వచ్చిపోయాక రెండు మూడు నెలలకు గుప్పెళ్ళుగా జుట్టు రాలడం చెన్నైలో చాలా ఇళ్ళల్లో చూస్తాం. జ్వరం రోజుల్లో చాలా కుదుళ్ళు ఒక్కసారిగా పని ఆపి విశ్రాంతిలోకి వెళ్ళాయి, వాటి మూడు నెలల గడువు ఇప్పుడు తీరింది. సాధారణంగా కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. ఈలోగా నింద మాత్రం బోరు ఉప్పునీళ్ళ మీద పడుతుంది. ఆ నీళ్ళకు వేరే దోషం ఉంది. అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిస్తే విరిగిన పాలలాంటి తెట్టు కట్టి వెంట్రుకకు పట్టుకుంటుంది. అది గరుకెక్కి, చిక్కుపడి, దువ్వినప్పుడు మధ్యలో తెగుతుంది. కుంకుడు రసంలోనూ శీకాయలోనూ నురగనిచ్చేవి సాపోనిన్లు, వాటికి ఆ తెట్టు కట్టదు. రాలిందో తెగిందో తేల్చుకోవాలంటే కొస చూడండి. తెల్లముడి ఉంటే రాలింది. లేకపోతే తెగింది, దువ్వే పద్ధతీ నీళ్ళూ చూసుకోవాలి.

ఇప్పుడు వెంట్రుకను బొటనవేలు, చూపుడువేలు మధ్య నిలువుగా పట్టుకుని, పొడుగు వెంబడి రెండు వేళ్ళనూ ముందుకూ వెనక్కూ ఆడించండి. అది నడుస్తుంది! తెల్లముడి ఉన్న వైపే ముందుకు సాగుతుంది. తిరగేసి పట్టుకున్నా మొదలే ముందు వెళుతుంది. పెంకుటింటి మీద పెంకులు చూరువైపు వాలినట్టు, వెంట్రుక పైన పల్చటి పొలుసులు కొసవైపు వాలి ఒకదానిమీద ఒకటి ఉంటాయి. మొదలు నుంచి కొసకు వేలు జారిపోతుంది, ఎదురు వస్తే పొలుసుల అంచులు పట్టుకుంటాయి.

ఇంత చిన్న సంగతికి ఎంత పెద్ద వ్యాపారం ముడిపడి ఉందో చూడండి. తిరుమల కళ్యాణకట్టలో తీసిన తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. అక్కడి జుట్టును మొదళ్ళన్నీ ఒకవైపు ఉండేలా కట్టలు కట్టవచ్చు. వ్యాపారంలో దాన్ని రెమీ జుట్టంటారు, ధర ఎక్కువ. వీధుల్లో "చిక్కు వెంట్రుకలు కొంటాం" అని తిరిగేవాళ్ళు తీసుకెళ్ళే దువ్వెన జుట్టులో మొదళ్ళూ కొసలూ కలగలిసిపోయి ఉంటాయి. దానితో సవరం కడితే పక్కపక్క పోగులు ఎదురెదురుగా నడిచి ఉండకట్టేస్తాయి. అందుకే దాన్ని ఆమ్లంలో ముంచి పొలుసులు పోగొట్టి, పైన సిలికాన్ పూస్తారు. ఆ పూత కొన్ని ఉతుకులకు పోతుంది. ఉన్ని స్వెట్టరును వేడినీళ్ళలో రుద్ది ఉతికితే కుదించుకుపోవడానికీ కారణం ఇదే, ప్రతి పోగూ మొదలువైపు నడిచి పక్కదానిలో చిక్కుకుంటుంది.

పొలుసులను కంటితో చూడాలనుంటే బడిలో మైక్రోస్కోపు దగ్గర ఇలా చేయండి. గాజుపలక మీద రంగులేని గోళ్ళపాలిష్ పల్చగా ఒక పూత వేయండి. వెంటనే వెంట్రుకను దానిమీద వాల్చి, పాలిష్ ఆరాక ఒక కొస పట్టుకుని మెల్లగా ఎత్తేయండి. మిగిలిన అచ్చును 400 రెట్లలో చూడండి. పూత మందంగా ఉంటే వెంట్రుక మునిగిపోయి పైకి రాదు, ఆరడం మొదలైన పూత మీద పెడితే అచ్చు పడదు. నూనె జుట్టయితే అచ్చు అలికినట్టు వస్తుంది, ముందు షాంపూతో కడగాలి. మనిషి వెంట్రుక మీద అడ్డదిడ్డపు అలల్లా గీతలు కనిపిస్తాయి. పిల్లి బొచ్చులో పొలుసులు కోసుగా పూరేకుల్లా లేచి ఉంటాయి. ఎలుక సన్నబొచ్చులో కిరీటాలను ఒకదానిలో ఒకటి దోపినట్టు ఉంటుంది.

మధ్యలో మరో తేడా ఉంది. వెంట్రుక నడుమ సన్నటి బోలు దూటలాంటి భాగం ఉంటుంది. మనిషి వెంట్రుకలో అది అక్కడక్కడ తెగిపోతూ, వెడల్పులో మూడోవంతు కూడా ఉండదు, కొన్నిటిలో అసలే ఉండదు. చాలా జంతువుల్లో సగాన్ని మించి ఉంటుంది, కుందేలు బొచ్చులో నిచ్చెన మెట్లలా గదులు గదులుగా కనిపిస్తుంది. ఆ గదుల్లోని గాలే దానికి దుప్పటి. నేరపరిశోధనలో దొరికిన పోగు మనిషిదా జంతువుదా అని తేల్చడానికి మొదట చూసేవాటిలో ఈ కొలత ఒకటి.

పిల్లి మీసాలను మాత్రం ఎవరూ సరదాకి కూడా కత్తిరించకండి. ఆ పోగూ నిర్జీవమే, కానీ దాని కుదురు చుట్టూ రక్తపు సంచీ, బోలెడన్ని నరాలు ఉంటాయి. కొస ఎంత కొద్దిగా వంగినా అడుగున తెలుస్తుంది. చీకట్లో సందులో తాను పడుతుందో లేదో పిల్లి దానితోనే చూసుకుంటుంది. ముళ్ళపంది ముల్లూ వెంట్రుకే, దాన్ని అది విసరదు, తగిలినప్పుడు ఊడివస్తుంది. గొంగళిపురుగు పేరు గొంగళి మీదనుంచే వచ్చినా దాని నూగు వెంట్రుక కాదు, కైటిన్ అనే వేరే పదార్థం. అసలైన వెంట్రుక పాలిచ్చే జంతువులకే ఉంది.

పొలుసుల కింద ఉన్నదే వెంట్రుకలో ముఖ్యమైన సరుకు. కెరాటిన్ అణువులు తాడు పురిలా చుట్టుకుని కట్టలు కట్టలుగా ఉంటాయి. వాటిని ముఖ్యంగా రెండు రకాల బంధాలు పట్టి ఉంచుతాయి. ఒకటి నీళ్ళు తగిలితే వదిలి, ఆరితే మళ్ళీ పట్టుకునే హైడ్రోజన్ బంధం. తడిజుట్టును గట్టిగా జడ వేసి ఆరనిస్తే వంకులు నిలవడం, మళ్ళీ తడపగానే పోవడం దాని పనే. తడి వెంట్రుక పొడిదానికన్నా ఎక్కువ సాగుతుంది, కాబట్టి తలంటు కాగానే సన్నపళ్ళ దువ్వెన పెట్టకండి. తడిజుట్టు మీద వేడి ఇస్త్రీ పెడితే ఇంకా నష్టం, లోపలి నీళ్ళు ఆవిరై పోగులోనే బుడగలు లేస్తాయి.

రెండోది గంధకపు బంధం. పెద్దవాళ్ళను పక్కన పెట్టుకుని, పట్టకారుతో ఒక పోగు పట్టి అగ్గిపుల్ల చూపించండి. ఆ కంపులో గంధకం ఉంది. ఈ బంధం నీళ్ళకు లొంగదు, రసాయనానికి లొంగుతుంది. పార్లర్లో జుట్టు తిన్నగా చేసేటప్పుడు మొదటి మందు ఆ బంధాలను విప్పుతుంది, రెండోది కొత్త ఆకారంలో మళ్ళీ ముడివేస్తుంది. ఆ పోగు అలాగే ఉంటుంది గాని కుదురు నుంచి కొత్తగా వచ్చేది పాత వంకుతోనే వస్తుంది. ఇదే పని మోటుగా జరిగేది తోళ్ళ కర్మాగారాల్లో. పచ్చి తోలును సున్నం, సోడియం సల్ఫైడు కలిపిన నీళ్ళలో పెడితే వెంట్రుకల గంధకపు బంధాలు తెగి అవి గుజ్జయిపోతాయి. తోలు మాత్రం మిగులుతుంది, ఎందుకంటే అది కెరాటిన్ కాదు, కొల్లాజెన్ అనే వేరే ప్రోటీన్. ఆ కొల్లాజెన్ మూడు పేటల పురి అని 1954లో చెప్పింది మన మద్రాసు విశ్వవిద్యాలయంలోనే, జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా అనే శాస్త్రవేత్తలు. అడయారులోని కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థకు చాలాకాలం డైరెక్టరుగా ఉన్న యలవర్తి నాయుడమ్మగారు తెనాలి దగ్గరి యలవర్రు మనిషి. గిండీ వైపు బస్సెక్కినప్పుడు ఈ రెండు పేర్లూ గుర్తుచేసుకోండి.

పేనుకొరుకుడు గురించి కూడా చెప్పాలి, ఆ పేరు పిల్లలను చాలా బాధపెడుతుంది. తలమీద రూపాయిబిళ్ళంత నున్నటి మచ్చ పడితే పేను కొరికిందంటారు. పేనుకూ దానికీ సంబంధం లేదు. ఒంటిని కాపాడే కణాలే పొరబడి కుదుళ్ళ మీద పడతాయి. అంటుకోదు. అలాంటి పిల్లను పక్కన కూర్చోబెట్టుకోండి, ఇంట్లోవాళ్ళను చర్మవైద్యుల దగ్గరికి తీసుకెళ్ళమనండి.

ఇక ఆ వెంట్రుకతో చేయాల్సిన ఆఖరి పని. గాలిలో తేమ పెరిగితే వెంట్రుక పొడుగవుతుంది, ఎండు గాలి నుంచి నిండు తేమకు దాదాపు 2 శాతం. 1783లో జెనీవాకు చెందిన సొస్యూర్ అనే శాస్త్రవేత్త దీనితోనే తేమకొలిచే పరికరం చేశాడు. మీకు 20 సెంటీమీటర్ల పోగు, పరీక్షలకు తీసుకెళ్ళే ప్లాస్టిక్ ప్యాడ్, ఒక గుండుసూది, 15 సెంటీమీటర్ల కొబ్బరి ఈనె, పాత ప్లాస్టిక్ ఫైలు ముక్క చాలు. అట్ట వాడొద్దు, అదీ తేమకు ఉబ్బుతుంది. పోగును షాంపూతో కడిగి ఆరబెట్టండి, జిడ్డుంటే తేమ ఆలస్యంగా పడుతుంది. ఫైలు ముక్కకు రెండు చిల్లులు, మధ్య దూరం 5 మిల్లీమీటర్లు. ఈనెను ఆ ముక్కకు అంటించండి, ఈనె కొస సూది నుంచి 15 సెంటీమీటర్లు ఉండాలి. ఒక చిల్లిలోంచి సూదిని ప్యాడ్ కింది భాగంలో గుచ్చండి, ముక్క వదులుగా తిరగాలి. రెండో చిల్లి ఈనె వైపు ఉండాలి, దానికి వెంట్రుక కట్టి, పై కొసను నేరుగా పైన జిగురుతో అతికించండి. ఈనె అడ్డంగా వెంట్రుకకు వేలాడుతుంది. పోగు అర మిల్లీమీటరు సాగితే ఈనె కొస 15 మిల్లీమీటర్లు దిగుతుంది.

గుర్తులు పెట్టడానికి, మూత ఉన్న పెద్ద డబ్బాలో గిన్నెడు రాళ్ళుప్పు, తడిసి ముద్దయ్యేంత నీళ్ళు పోసి, పరికరంతో పాటు ఒక రాత్రి ఉంచండి. అక్కడ తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. ఆ చోట 75 అని రాయండి. ఉప్పు తీసేసి తడిగుడ్డ కప్పి అరగంట ఉంచితే అది 100కి దగ్గర. ఈనె రోజురోజుకూ కిందికే దిగిపోతుంటే బరువెక్కువై పోగు సాగిపోతోందన్నమాట, సన్నటి ఈనె మార్చండి. అసలు కదలకపోతే సూది దగ్గర బిగుసుకుంది. ఊగిసలాడుతుంటే ఫ్యాను గాలి తగులుతోంది. ఈ వానల్లో ఎలాగూ కిందే ఉంటుంది. వేసవిలో మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగే వేళకు కిటికీ దగ్గర పెట్టి, పావుగంటకోసారి ఎక్కడుందో, టైమెంతో రాసి నాకు పంపండి.

మీ తాతయ్య