గాలి ఆగిన తర్వాత పది రోజులు

పెదవాల్తేరు,
విశాఖపట్నం

పిల్లలూ,

మొన్న ఫోన్లో చిన్నోడు అడిగాడు: "అమ్మమ్మా, హుద్‌హుద్ తుఫాను ఆదివారం వచ్చి ఆదివారమే వెళ్లిపోయింది కదా, మరి నువ్వెప్పుడూ 'ఆ పది రోజులు' అంటావేంటి?" అని. మంచి ప్రశ్న. పెద్దవాళ్లు కూడా ఇలా అడగరు. తుఫాను అంటే టీవీలో చెట్లు ఊగడం, అలలు ఎగసిపడడం చూపిస్తారు. గాలి ఆగగానే కెమెరా వేరే ఊరికి వెళ్లిపోతుంది. మేం మాత్రం ఇక్కడే ఉన్నాం. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను. మీ స్నేహితులకు కూడా చదివి వినిపించండి.

ముందు తుఫాను సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. 2014 అక్టోబరు 12, ఆదివారం. అండమాన్ దగ్గర సముద్రంలో పుట్టి, రోజురోజుకీ బలం పెంచుకుంటూ మా మీదికి వచ్చింది. హుద్‌హుద్ అంటే కూకుడుగువ్వ, తలమీద కిరీటంలా జుట్టు ఉండే పిట్ట. ఆ పేరు ఒమన్ దేశం ఇచ్చింది. సరిగ్గా ఏడాది ముందు, అదే అక్టోబరు 12న, ఫైలిన్ తుఫాను ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అప్పుడు మాకు పెద్దగా ఏమీ కాలేదు. అందుకని ఈసారి కూడా పక్కకి పోతుందిలే అని మా వీధిలో చాలామంది అనుకున్నారు. నేనూ అనుకున్నాను. వాతావరణ శాఖవాళ్లు మాత్రం విశాఖకే వస్తుందని రోజుల ముందు నుంచే చెప్తూ ఉన్నారు. వాళ్లు చెప్పినట్టే జరిగింది. శనివారం సాయంత్రం నాలుగు బిందెల నీళ్లు పట్టి పెట్టుకుని, ఇంక చాలు అనుకున్నాను. ఆ లెక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఆదివారం తెల్లవారేసరికే హోరు. గంటకు 180 కిలోమీటర్ల దాకా వేగం. తలుపుకి బీరువా అడ్డం పెట్టి, తాతయ్యా నేనూ మధ్యగదిలో కూర్చున్నాం. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. వీధిలో జనం బయటికి వచ్చేశారు, "అమ్మయ్య, అయిపోయింది" అనుకుంటూ. తాతయ్య గుమ్మం దగ్గర నిలబడి "లోపలికి పోండి, ఇంకా సగమే అయింది" అని అరిచారు. తుఫాను ఒక పెద్ద చక్రంలా తిరుగుతుంది. దాని మధ్యలో గాలి ఉండదు, దాన్ని తుఫాను కన్ను అంటారు. కన్ను మన మీదుగా వెళ్తున్నప్పుడు అంతా ప్రశాంతంగా ఉంటుంది. ఆ తర్వాత చక్రం రెండో అంచు వస్తుంది, ఈసారి గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. మాకు మొదట ఉత్తరం నుంచి వచ్చిన గాలి తర్వాత సముద్రం వైపు నుంచి వచ్చింది. పొద్దున ఒక పక్కకి వంగి వేళ్లు వదులైన చెట్లు, మధ్యాహ్నం రెండో పక్కకి కూలిపోయాయి. తుఫాను రోజున గాలి సడన్‌గా ఆగితే బయటికి వెళ్లకండి. మిగతావన్నీ మర్చిపోయినా ఇదొక్కటి మర్చిపోవద్దు.

ఇక సోమవారం పొద్దున.

నాకు ముందుగా తెలిసింది వెలుతురు. మా ఇంట్లో అంత వెలుతురు ఎప్పుడూ లేదు. కిటికీ ముందున్న నిద్రగన్నేరు చెట్టు పడిపోయింది, వీధి పొడుగునా నీడ లేదు. డాబా ఎక్కితే సముద్రం కనిపించింది. ముప్పై ఏళ్లు ఆ ఇంట్లో ఉండి ఎప్పుడూ చూడని సముద్రం! అది చూసి నాకు సంతోషం వేయలేదు, ఏడుపొచ్చింది. ఎందుకంటే మధ్యలో ఉండాల్సిన చెట్లన్నీ పోతేనే అది కనిపించింది. నలిగిన పచ్చి ఆకుల వాసన ఊరంతా. ఒక్క పిట్ట అరుపు లేదు. నిలబడి మిగిలిన చెట్ల ఆకులు కూడా ఒకటి రెండు రోజుల్లో ఎర్రగా మాడిపోయాయి, నిప్పు పెట్టినట్టు. గాలి సముద్రపు నీటిని తుంపరగా మోసుకొచ్చి ఆకుల మీద చల్లింది, ఆ ఉప్పుకి మాడాయి. కైలాసగిరి, సింహాచలం కొండ, పచ్చగా ఉండేవన్నీ గోధుమ రంగుకి తిరిగాయి. పైగా మబ్బులు పోయి ఎండ కాసింది. అక్టోబరులో మే నెల ఎండలా అనిపించింది. నీడ లేదు, ఫ్యాను లేదు.

ఫ్యాను లేదంటే కరెంటు లేదని. మీకు కరెంటు పోవడమంటే ఓ గంట చీకట్లో కూర్చోవడం. అక్కడ వేల స్తంభాలు కూలిపోయాయి, పెద్ద పెద్ద టవర్లు వంగిపోయాయి. కరెంటు పోతే పోయేది దీపం ఒక్కటే కాదని నాకు అరవై ఏళ్ల వయసులో తెలిసింది. మా ఊరికి తాగే నీళ్లు రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ లాంటి జలాశయాల నుంచి వస్తాయి. ఆ నీళ్లను కొండల మీది ట్యాంకులకు ఎక్కించేది మోటార్లు. మోటార్లకి కరెంటు కావాలి. కాబట్టి కొళాయి రాదు. బోరు ఉందిగా అంటారా, దానికీ మోటారే. ఫోన్ టవర్లు కొన్ని పడిపోయాయి, నిలబడినవాటికి బ్యాటరీలు అయిపోయాయి, జనరేటర్‌లో డీజిల్ అయిపోయింది. డీజిల్ తెద్దామంటే బంకులో పంపు నడవాలి, దానికీ కరెంటే. బంకుల ముందు క్యూలు కిలోమీటర్ల పొడుగు. ఏటీఎం పని చేయదు, అందుకని చేతిలో డబ్బు లేదు. బ్యాంకులో ఎంత ఉన్నా ఆ వారం మా దగ్గర ఉన్నది పోపులడబ్బాలో దాచిన నాలుగు వందలే.

నాలుగు బిందెల నీళ్ల సంగతి చెప్తానన్నాను కదా. సోమవారం రాత్రికి మూడు బిందెలు అయిపోయాయి. తాగడానికి, వండడానికి కాదు. బాత్రూమ్‌కి! ఒక్కసారి వెళ్తే సగం బకెట్టు. ఆ లెక్క నేను వేయనేలేదు. తుఫాను వస్తుందంటే అందరూ తాగే నీళ్ల గురించి ఆలోచిస్తారు. అవి కావాలి, నిజమే. కానీ ఇంట్లో ఉన్న డ్రమ్ములు, బకెట్లు, పాత టబ్బులు అన్నీ నింపాలి. అప్పటి నుంచి నేను అలాగే చేస్తున్నాను.

మమ్మల్ని ఆదుకున్నది పెరట్లో నుయ్యి. మీకు తెలుసుగా, మూత వేసి, దాని మీద తులసి కుండీలు పెట్టాను. అప్పటికి రెండేళ్లుగా మీ మామయ్య "ఎందుకమ్మా ఇది, పూడ్పించేసి కారు పెట్టుకుందాం" అంటూనే ఉన్నాడు. మంగళవారం పొద్దున వాడే కుండీలు దించి మూత తీశాడు. నీళ్లు పైదాకా ఉన్నాయి, ఆకులతో నిండి నల్లగా. బుట్టతో ఆకులు తీశాం. గిలక తుప్పుపట్టి తిరగలేదు, వంట నూనె పోశాం. చేంతాడు లేదు. ఎదురింటివాళ్లు బట్టలారేసే నైలాన్ తాడు రెండు పేటలుగా వేసి కట్టారు. అంతే, మధ్యాహ్నానికి వీధి వీధంతా మా పెరట్లో ఉంది. ముప్పై ఇళ్లు. మాతో ఎప్పుడూ మాట్లాడని అపార్ట్‌మెంట్‌వాళ్లు కూడా బిందెలు పట్టుకుని వచ్చారు. వాళ్ల పిల్లలకి చేద ముంచడం రాదు. చేద నీళ్ల మీద తేలుతుంది, మునగదు. తాడుని ఒక్క విసురు పక్కకి లాగితే చేద ఒరిగి మునుగుతుంది. అది చూపిస్తే వాళ్లకి ఆటలా అయిపోయింది. సాయంత్రానికి అరచేతులు బొబ్బలెక్కాయి.

ఆ నీళ్లు తాగేముందు బాగా మరిగించేవాళ్లం. తుఫాను తర్వాత నీళ్లు ఎంత తేటగా కనిపించినా నమ్మకూడదు. మురుగు, చచ్చిన జంతువులు ఎక్కడెక్కడి నీళ్లలోనో కలిసిపోతాయి. గాలికి బతికినవాళ్లు విరేచనాలతో మంచం పడతారు. మున్సిపాలిటీ ట్యాంకర్లు రావడం మొదలయ్యాక కూడా మరిగించడం మానలేదు.

పాల గురించి రాయాలంటే ఇప్పటికీ కోపం వస్తుంది. వీధి చివర ఒకాయన పాల ప్యాకెట్టు మూడింతల ధరకి అమ్మాడు. మూడిళ్ల అవతల చంటిపిల్ల తల్లి వెనక్కి తిరిగి వెళ్లిపోయింది, డబ్బు చాలక. ఆ సాయంత్రం అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ తన పిల్లాడికి కొన్న పాలపొడి డబ్బాలో సగం గిన్నెలో పోసి ఆ తల్లికి ఇచ్చింది. అడక్కుండానే. ఒకే వీధిలో, ఒకే రోజు రెండూ చూశాను.

ఆ రోజుల్లో మీ అమ్మ హైదరాబాదులో పెద్దదాన్ని ఒళ్లో పెట్టుకుని, నెలల పిల్ల అప్పుడు, మాకు ఫోన్ చేస్తూనే ఉందట. మూడు రోజులు మేం ఉన్నామో లేదో తెలియదు. బుధవారం తాతయ్య ఎక్కడో బీచ్ రోడ్డు దాకా నడిచి వెళ్తే సిగ్నల్ దొరికింది. "బాగున్నాం" అని మెసేజ్ పెట్టారు. టవర్ బలహీనంగా ఉన్నప్పుడు ఫోన్ కలవదు గానీ చిన్న మెసేజ్ ఎలాగో దూరి వెళ్లిపోతుంది. వేరే ఊళ్లో ఉన్న ఒక్క మనిషికి చెప్తే చాలు, మిగతా చుట్టాలందరికీ ఆ మనిషే చెప్పాలని ముందే అనుకుని ఉంటే మీ అమ్మకి ఆ మూడు రోజుల టెన్షన్ తప్పేది. ఇప్పుడు మన కుటుంబంలో ఆ మనిషి ఎవరో మీకు తెలుసు. తెలియకపోతే ఇవాళే అమ్మని అడగండి.

చెట్లు పోయాయని నేను ఏడుస్తుంటే తాతయ్య ఏమీ అనలేదు. రాత్రి కొవ్వొత్తి వెలుగులో చెప్పారు, 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన గురించి. ఆయన అప్పుడు బందరులో కాలేజీ కుర్రాడు. సాయం చేయడానికి వెళ్లినవాళ్లలో ఉన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట ఎత్తింది అదే మొదటిసారి. అక్కడ చంపింది గాలి కాదు, నీళ్లు. తుఫాను గాలి సముద్రాన్ని గోడలా నేల మీదికి తోసింది. దివిసీమ చదునైన నేల, ఎక్కడానికి ఎత్తు లేదు. వేలమంది పోయారు. హెచ్చరిక చాలా ఊళ్లకి చేరనే లేదు. విశాఖలో కొండలున్నాయి, ఉప్పెన అంత ఎత్తుకి లేవలేదు. పైగా ఈసారి లక్ష మందికి పైగా జనాన్ని తీరం నుంచి ముందే తరలించారు. అందుకే హుద్‌హుద్‌లో మన రాష్ట్రంలో పోయినవాళ్ల లెక్క పదుల్లో ఆగింది. ఆ పదుల్లో ఉన్నవాళ్ల ఇళ్లకి అది చిన్న లెక్క కాదు, నాకు తెలుసు. అయినా ఆ రాత్రి తర్వాత నేను చెట్ల కోసం ఏడవలేదు.

కరెంటు ఎందుకంత ఆలస్యమైందో కూడా చెప్పాలి. మా వీధి పిల్లలు రోజూ గొడవ పెట్టేవాళ్లు, "వెనక వీధికి వచ్చేసింది, మనకెందుకు రాలేదు?" అని. ముందు పెద్ద లైన్లు, ఆ తర్వాత సబ్‌స్టేషన్, ఆసుపత్రులు, నీళ్ల పంపింగ్ స్టేషన్లు. ఆ తర్వాతే వీధుల్లో ట్రాన్స్‌ఫార్మర్లు. వెనక వీధి ట్రాన్స్‌ఫార్మర్ వేరు, మాది వేరు. వేరే జిల్లాల నుంచి లైన్‌మెన్‌లు లారీల్లో వచ్చారు. మా వీధికి వచ్చిన కుర్రాళ్లు కడప వైపువాళ్లు, మాట యాసలోనే తెలిసింది. నాలుగు రాత్రులు స్కూలు వరండాలో పడుకుని, తెల్లారితే స్తంభాలెక్కేవాళ్లు. పులిహోర చేసి పెట్టాను. తింటూ ఒకతను నాతో అన్నాడు, "అమ్మా, జనరేటర్ ఉన్నోళ్లకి చెప్పండి, దాన్ని ఇంటి మెయిన్ లైన్‌కి కలపొద్దని." అలా కలిపితే ఆ కరెంటు వెనక్కి వీధి తీగల్లోకి పోతుంది. చచ్చిన తీగ అనుకుని ముట్టుకున్న లైన్‌మెన్ చనిపోతాడు. నేను ఇంటింటికీ వెళ్లి ఆ మాట చెప్పాను. నేల మీద పడ్డ తీగని ఎందుకు తాకకూడదో, దాని పక్క నీళ్లలో కాలు ఎందుకు పెట్టకూడదో కూడా అప్పుడే పిల్లలకి చెప్పాను. తీగ ఎప్పుడు ప్రాణం పోసుకుంటుందో చూస్తే తెలియదు.

అక్టోబరు 23 దీపావళి. ఊరంతా ఎండిన కొమ్మలు, ఆకులు గుట్టలుగా పడి ఉన్నాయి. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకని టపాసులు కాల్చొద్దన్నారు. మా వీధిలో ఎవరూ కాల్చలేదు. అప్పటికి కరెంటు వచ్చి మూడు రోజులైంది, అయినా ఆ రాత్రి అందరం లైట్లు ఆపేసి ప్రమిదలే పెట్టాం. అపార్ట్‌మెంట్ పిల్లలు నూతి గట్టు చుట్టూ కూడా పెట్టి వెళ్లారు.

నుయ్యి పూడ్పించే మాట మీ మామయ్య మళ్లీ ఎత్తలేదు. గిలక కొత్తది వేయించాడు, కొబ్బరి పీచు చేంతాడు అనకాపల్లి నుంచి తెచ్చాడు. సంక్రాంతి సెలవులకి వచ్చినప్పుడు మీ ఇద్దరికీ చేద ముంచడం నేర్పుతాను. మొదటిసారి రాదు, నాలుగోసారికి వస్తుంది. చేతులకి కొబ్బరినూనె రాస్తాలే.

మీ
అమ్మమ్మ