బావి మూతబడితే టిప్పర్ కొనాలా? బొగ్గు ఊళ్లలో అపోహలు - వాస్తవాలు

మహారాష్ట్ర బొగ్గు ప్రాంతంలో చంద్రపూర్, బల్లార్షా, ఘుగ్గూస్, రాజురా, అటు వణి దాకా చిన్న వ్యాపారాలకు లోను కాగితాలు, ప్రాజెక్టు రిపోర్టులు తయారుచేయడం నా పని. నా దగ్గరికొచ్చేవాళ్లలో మనవాళ్లే ఎక్కువ. తాతల కాలంలో కరీంనగర్, ఆదిలాబాద్ నుంచి బొగ్గు బావుల, అంటే గనుల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు. అందరిదీ ఒకటే మాట: "సార్, రిటైర్మెంట్ పైసలొచ్చినయి. బావి బంద్ అయితదంటున్నరు. వేరే ధంధా పెడ్త." ఏం ధంధా అంటే, టిప్పర్.

అపోహ: టిప్పర్ కొంటే బొగ్గు మీద ఆధారపడే బాధ తప్పినట్టే.

తప్పలేదు, ఇంకా పెరిగింది. నిన్నటిదాకా బొగ్గు మీద జీతం వచ్చేది. ఇప్పుడు ఆ జీతం పోయి, అదే బొగ్గు మీద అప్పు మిగిలింది. టిప్పర్‌లో పోసేది బొగ్గే, కిరాయి ఇచ్చేది బొగ్గు కాంట్రాక్టరే. బావి ఆగిన రోజు ట్రిప్పులు ఆగుతాయి, కిస్తీ ఆగదు. బ్యాచిలర్ల కోసం కట్టే గదులు, గేటు ముందు మెస్సు, టైర్ల షాపు, కాలనీ కిరాణా అన్నీ ఇంతే. బోర్డులు వేరు, డబ్బు పుట్టే చోటు ఒక్కటే. 2,920 మెగావాట్ల చంద్రపూర్ థర్మల్ కేంద్రానికి ఏదో సప్లై చేస్తామనేవాళ్లకూ నా జవాబు ఇదే. అదీ బొగ్గే కదా!

కాలనీలో కిరాణా నడిపే ఒక అక్క కొట్టు పెద్దది చేయడానికి లోను కావాలని వచ్చింది. "అక్కా, ముందు ఖాతా బుక్కు తే" అన్నాను. ఎర్ర అట్ట పుస్తకం. ప్రతి పేరు పక్కన పెన్సిల్‌తో 'ఫస్ట్ షిఫ్టు', 'జనరల్', 'ఠేకా' (కాంట్రాక్టు కూలీ) అని రాసుకుంది, ఎవరి డబ్బు ఏ తారీఖున వస్తుందో గుర్తుండటానికి. పేజీలు తిప్పుతుంటే అన్నీ ఒకే గని పేర్లు. చివర్లో మాత్రం ఒక జిల్లా పరిషత్ టీచరమ్మ, ఇద్దరు రైల్వేవాళ్లు, బజారు రోజున వచ్చే రైతు కుటుంబాలు కొన్ని. వాళ్లు ఆమె దగ్గర కొనేది బియ్యం, పప్పు కాదు. సకినాలు, మామిడికాయ తొక్కు. కొట్టు పెంచే ఆలోచన పక్కనబెట్టించి, ఆ చివరి పేజీల మీదే రిపోర్టు రాశాను. బచత్ గట్ (మహిళా పొదుపు సంఘం) ద్వారా చిన్న లోను వచ్చింది. తర్వాత ఆ గనిలో ఒక సెక్షన్ ఆగిపోయింది. కిరాణా బేరం సగానికి పడింది కానీ సకినాల ఆర్డర్లు తగ్గలేదు. ఆమె ఇప్పుడేమీ ధనవంతురాలు కాలేదు, కిస్తీ మాత్రం ఒక్కటీ తప్పలేదు.

ఏ వ్యాపారమైనా సరే, కొనేవాడెవడు, వాడికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది అని అడగండి. మన జిల్లాలో ఈ ప్రశ్నకు నిలిచేవి ఉన్నాయి. మూల్, సిందేవాహి వైపు వరి, రైసు మిల్లులు. రాజురా, కోర్పనా, వరోరా వైపు పత్తి, సోయా. చిచ్‌పల్లిలో వెదురు పరిశోధన, శిక్షణ కేంద్రమే ఉంది. బల్లార్షా డిపో టేకు అయోధ్య గుడి తలుపులకు వెళ్లింది. అంత పేరున్న కలప పక్కనే ఉండగా మన పిల్లలు వడ్రంగం వైపు చూడకపోవడం నాకు నిజంగా బాధ.

అపోహ: బావి మూసేస్తే కంపెనీ ఉద్యోగులే రోడ్డున పడతారు.

పర్మనెంటు వాళ్లను వేకోలి (గనులు నడిపే ప్రభుత్వ కంపెనీ వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్) మరో గనికి బదిలీ చేస్తుంది. దెబ్బ తగిలేది ఠేకా కూలీలకు, కొట్లవాళ్లకు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు. ఏ లిస్టులోనూ వాళ్ల పేర్లుండవు.

అపోహ: బొగ్గు రేపే అయిపోతోంది. / బొగ్గుకు ఢోకా లేదు.

వాట్సాప్‌లో రెండూ తిరుగుతాయి. దయచేసి రెండూ ఫార్వర్డ్ చేయకండి. 2024-25లో దేశం 100 కోట్ల టన్నులకు పైగా బొగ్గు తీసింది. అయినా పాత అండర్‌గ్రౌండ్ బావులు మూతపడుతూనే ఉన్నాయి. దేశం లెక్క వేరు, మీ బావి లెక్క వేరు.

అపోహ: బావి పోతే ఊరే పోతుంది.

వరోరా గని 1871లో మొదలై 1906లో మూతపడింది. ఊరు పోలేదు, ఎందుకంటే పత్తి మార్కెట్టూ రైలూ ఉన్నాయి.

అపోహ: డీఎంఎఫ్ (జిల్లా ఖనిజ నిధి) డబ్బు మన ఖాతాల్లో పడుతుంది.

పడదు. 2015 చట్టంతో వచ్చిన జిల్లా ట్రస్టు అది. పాత లీజులున్న గనులు ప్రభుత్వానికి కట్టే రాయల్టీకి అదనంగా, దానిలో 30 శాతమంత డబ్బు ఇందులో జమచేస్తాయి. తాగునీరు, వైద్యం, చదువు, నైపుణ్య శిక్షణలకు ముందు ప్రాధాన్యం. గ్రామసభలో తీర్మానం రాయించి అడగండి. అడగని ఊరికి ఓ కమ్యూనిటీ హాలు కట్టి సరిపెడతారు.

అపోహ: గని మూశాక పొలం తిరిగిస్తారు.

1957 బొగ్గు భూముల చట్టం కింద తీసుకున్న భూమి దానంతటది వెనక్కి రాదు. ఆ ఆశతో సాత్‌బారా (భూమి రికార్డు కాగితం) పట్టుకుని దళారుల చుట్టూ తిరిగి డబ్బు పోగొట్టుకోకండి.

మళ్లీ టిప్పర్ దగ్గరికే వస్తాను. రాత్రిళ్లు నాకు ఫోన్ చేసేది ఎక్కువగా టిప్పర్ కొనబోయే ఇళ్ల ఆడవాళ్లే: "తమ్మీ, మా ఆయన రేపు షోరూంకు పోతుండు, ఏం చేయాలె?" వాళ్ల భయం ఉత్తది కాదు. 1998 బొగ్గు గనుల పెన్షన్‌కు డీఏ లేదు, ధరలు పెరిగినా అది పెరగదు. గ్రాట్యుటీ, సీఎంపీఎఫ్ (బొగ్గు గనుల ప్రావిడెంట్ ఫండ్) కలిపి డౌన్‌పేమెంటు కట్టేస్తే, ఆ ఇంటికి ఆ పెన్షన్ తప్ప ఇంకేమీ మిగలదు. కనీసం సగం బ్యాంకులో భార్యాభర్తల జాయింటు డిపాజిట్ వేయండి. మిగతా సగంతో ఏం పెట్టాలో షోరూంకు పోకముందు మాట్లాడదాం. వచ్చేటప్పుడు మీ ఇంట్లో అక్కను కూడా తీసుకురండి.