చీకట్లో టార్చిలైటు: లాంగ్ ఎక్స్‌పోజర్ గురించి మన వైజాగ్‌లో తిరిగే అపోహలు

కెమెరాలో వెలుగుని పట్టే పలకని సెన్సర్ అంటారు, దాని ముందుండే తలుపు షట్టర్. ఆ షట్టర్‌ని సెకన్ల తరబడి తెరిచి ఉంచి తీసేది లాంగ్ ఎక్స్‌పోజర్, అది తెరిచి ఉండగా చీకట్లో టార్చితో బొమ్మ గీయడం లైట్ పెయింటింగ్. ఇది నేర్చుకుంటామని నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఖాళీగా రారు. రీల్స్ చూసి, తెలిసినవాళ్ళు చెప్పగా విని, పోగేసుకున్న నమ్మకాలు నాలుగైదు వెంట తెచ్చుకుంటారు. వాటిలో కొన్ని వట్టి అమాయకమైనవి, కొన్ని జేబుకి చిల్లు పెట్టేవి, ఒకటి రెండు మాత్రం నిజంగా ప్రమాదం. పెళ్ళిళ్ళ సీజన్ లేనప్పుడు బీచ్ రోడ్డు మీద, యారాడలో, భీమిలి దారిలో నేను ఎక్కువగా చేసేది ఈ పనే. అందుకే తరచూ వినపడేవాటికి ఇక్కడ ఒకేసారి జవాబు రాస్తున్నాను.

అపోహ: షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంచితే టార్చి గీత అంత ప్రకాశంగా పడుతుంది.

ముందు దీన్ని తేల్చుకుంటే మిగతావాటిలో సగం వాటంతటవే తేలిపోతాయి. రాత్రి ఫోటోలో రెండు రకాల వెలుగు ఉంటుంది. ఒకటి కదలనిది: వీధి దీపం పడ్డ గోడ, ఆకాశం, కొండ. రెండోది కదిలేది: మీ చేతిలో టార్చి, రోడ్డు మీద పోయే బస్సు హెడ్‌లైటు. కదలని వెలుగు సెన్సర్ మీద ఒకే చోట పడుతూ, షట్టర్ మూసేదాకా పోగవుతూనే ఉంటుంది. పది సెకన్లకి వచ్చినదానికి ఇరవై సెకన్లకి రెట్టింపు. కదిలే వెలుగు అలా కాదు. ఒక్కో చోట సెకనులో ఏ వందోవంతో ఉండి పక్కకి జరిగిపోతుంది. ఆ తర్వాత మీరు షట్టర్ ఇంకో నిమిషం తెరిచి ఉంచినా టార్చి నుంచి ఆ చోటికి కొత్తగా చేరేదేమీ ఉండదు. గీత పొడవు పెరుగుతుంది, ప్రకాశం పెరగదు.

కాబట్టి గీత ప్రకాశాన్ని నిర్ణయించేవి టార్చి బలం, దాన్ని కదిపే వేగం, అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు దూరే రంధ్రం), ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె). అంతే. వెనకున్న దృశ్యానికి మాత్రం షట్టర్ సమయం కూడా లెక్కలోకి వస్తుంది. గీత తెల్లగా మాడిపోతోందా, అపెర్చర్ మూయండి, లేదా చెయ్యి వేగంగా తిప్పండి. వేగం రెట్టింపైతే గీత ప్రకాశం సగానికి పడిపోతుంది. గీత బాగుండి వెనక ఆకాశం మరీ తెల్లబడితే సమయం తగ్గించండి. రెండు ఖాతాలు వేర్వేరు. చాలామంది రెండింటినీ ఒకే మీటతో సరిచేయాలని చూసి విసిగిపోతారు.

దీన్ని మన ఊళ్ళోనే పెట్టి చూద్దాం. కొత్తవాళ్ళు ముందు వెళ్ళేది ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలబెట్టిన సబ్‌మెరైన్ ముందుకే. అక్కడ వీధి దీపాల వెలుగుకి ఐఎస్ఓ 100, అపెర్చర్ ఎఫ్/8 (ఎఫ్ పక్క అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) పెడితే నాలుగైదు సెకన్లకే దృశ్యం నిండుగా వచ్చేస్తుంది. మీరేమో మనిషి వెనక రెక్కలు గీయాలంటారు, దానికి ముప్ఫై సెకన్లు కావాలి. ముప్ఫై సెకన్లు తెరిస్తే వెనకంతా పాలిపోతుంది. సరే అని ఎఫ్/16కి మూస్తే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది, మీ గీత కూడా దానితోపాటే నీరసిస్తుంది. నాలుగు రెట్లు బలమైన టార్చి కావాలి, లేదా నాలుగో వంతు వేగంతో గీయాలి. అప్పుడేమో ముప్ఫై సెకన్లు చాలవు! ఇక్కడ లోపం మీది కాదు, చోటుది. సాగర్‌నగర్ దాటి మంగమారిపేట వైపు వెళ్ళండి. అక్కడ వీధి దీపాలు పలచబడతాయి, అదే సెట్టింగులతో పని హాయిగా జరుగుతుంది. ఇంకా మేలైనది మీ ఇంటి డాబా మీద, కరెంటు పోయిన రాత్రి.

పౌర్ణమి వెన్నెల గురించి కూడా అడుగుతారు. వెన్నెల చాలా పలచన. ఐఎస్ఓ 100, ఎఫ్/8కి ఇసుక, కొండ స్పష్టంగా కనపడాలంటే నాలుగు నుంచి ఎనిమిది నిమిషాలు పడుతుంది. చాలా కెమెరాల్లో షట్టర్ డయల్ 30 సెకన్ల దగ్గర ఆగిపోతుంది. అది దాటాలంటే బల్బ్ మోడ్ (బటన్ నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరిచే ఉంటుంది), ఒక రిమోట్ కావాలి.

అపోహ: గీసిన మనిషి ఫోటోలో కనపడడంటే అది ఫోటోషాప్ పనే.

మళ్ళీ అదే లెక్క. చీకట్లో నల్ల చొక్కా వేసుకుని కదులుతున్న మనిషి ఏ చోటా నిలబడడు, అతని మీద వెలుగూ పడదు. సెన్సర్‌కి అతను ఉన్నట్టే తెలియదు. 1838లో దాగేర్ పారిస్‌లో ఒక రద్దీ వీధిని ఫోటో తీస్తే వీధి ఖాళీగా వచ్చింది. ఆ రోజుల్లో ఎక్స్‌పోజర్ నిమిషాల తరబడి సాగేది. బళ్ళూ మనుషులూ కదిలిపోయారు, బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ ఒకాయన మాత్రం మిగిలాడు.

ఇక ఫోటోషాప్ మాటకొస్తే, కంప్యూటర్ల ఊసే లేని 1889లో ఫ్రాన్సులో ఎతియెన్-జూల్ మారే, జార్జ్ దెమెనీ మనిషి కీళ్ళకి చిన్న బల్బులు కట్టి నడిపించి, నడక గీతల్ని ప్లేటు మీదికి ఎక్కించారు. 1910లలో అమెరికాలో గిల్‌బ్రెత్ దంపతులు కార్మికుల చేతులకి దీపాలు కట్టి, పనిలో ఏ కదలిక వృథాగా పోతోందో చూశారు. వాళ్ళకి కావలసింది కళ కాదు, కొలత. కళ కోసం వాడినవాళ్ళలో 1935లో మాన్ రే ముందు వరుసలో ఉంటాడు. 1949లో జాన్ మిలి అనే ఫోటోగ్రాఫర్ పికాసో చేతికి దీపం ఇచ్చి గాలిలో బొమ్మలు వేయించాడు. ఆ బొమ్మలు ఈనాటికీ నేను కొత్తవాళ్ళకి చూపిస్తాను, ఎందుకంటే పికాసో గీత ఎక్కడా తడబడదు. మన గీత తడబడేది టార్చి వల్ల కాదు, ఏం గీయాలో చేతికి ముందే తెలియకపోవడం వల్ల. పగటిపూట టార్చి లేకుండా గాలిలో అదే బొమ్మ పదిసార్లు గీసి చూడమంటే నవ్వుతారు గానీ, పని చేసేది అదే.

దెయ్యంలా సగం కనపడుతున్నానంటారా? రెండు కారణాలు. గీస్తూ ఒకచోట ఆగారు, లేదా టార్చి మీ మొహం మీదో చేతి మీదో పడింది. టార్చి మూతికి నల్ల అట్టతో గొట్టం చేసి చుట్టండి. బొమ్మకీ బొమ్మకీ మధ్య నడిచేటప్పుడు టార్చి ఆపండి.

అపోహ: దీనికి లక్ష రూపాయల కెమెరా కావాలి, ఫోనుతో కుదరదు.

మాన్యువల్ మోడ్ (సెట్టింగులన్నీ మనమే పెట్టుకునేది), రా ఫైల్ (తర్వాత సర్దుకోవడానికి వీలుగా కెమెరా మార్చకుండా దాచే ఫోటో), వీలైతే బల్బ్. ఇవి ఉన్న పాత సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ (లెన్స్ మార్చుకునే కెమెరా), దానితో వచ్చిన మామూలు 18-55 లెన్స్ చాలు. మిగిలిన డబ్బు ట్రైపాడ్ మీద పెట్టండి. ఫోనులో ప్రో మోడ్ ఉంటే చాలావాటిలో షట్టర్ 30 సెకన్లదాకా వెళ్తుంది. కానీ నైట్ మోడ్ జోలికి పోకండి. అది చిన్న చిన్న ఫ్రేములు తీసి కలుపుతూ, కదిలినదాన్ని తప్పుగా భావించి తుడిచేయాలని చూస్తుంది. మనకి కావలసిందేమో ఆ కదిలినదే.

అపోహ: లాంగ్ ఎక్స్‌పోజర్ అంటే రాత్రి మాత్రమే. పగలైతే ఎఫ్/22 పెట్టేస్తే సరి.

ఎఫ్/22 దగ్గర వెలుగు సన్న రంధ్రంలోంచి వంగి పారుతుంది, ఫోటో మొత్తం మెత్తబడుతుంది. ఎఫ్/8, ఎఫ్/11 దాటకుండా ఉండి, లెన్స్ ముందు ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగుని తగ్గించే నల్ల గాజు) వాడటం మేలు. ఒక్కో స్టాపు వెలుగుని సగం చేస్తుంది కాబట్టి, పది స్టాపుల ఫిల్టర్ దాన్ని దాదాపు వెయ్యో వంతుకి తగ్గిస్తుంది. ఫిల్టర్ లేకుండా 1/60 సెకను వచ్చిన చోట పెట్టాక 17 సెకన్లు వస్తుంది. ఫోకస్ ముందే చేసుకుని మాన్యువల్‌కి మార్చి, ఆ తర్వాతే ఫిల్టర్ బిగించండి. డీఎస్ఎల్ఆర్ అయితే కన్ను పెట్టే కిటికీని మూయండి, అందులోంచి దూరిన వెలుగు ఫోటో మీద చారలు వేస్తుంది. గాజువాక వైపు వెల్డింగ్ సామాన్ల షాపుల్లో దొరికే నల్ల గాజు కూడా నేర్చుకోవడానికి పనికొస్తుంది. ఫోటో మొత్తం ఆకుపచ్చగా వస్తుంది, రా ఫైల్‌లో కొంత సర్దుకోవచ్చు, లేదా బ్లాక్ అండ్ వైట్ చేసేయొచ్చు. ఒక్క జాగ్రత్త: ఫిల్టర్ పెట్టాం కదా అని కన్ను ఆనించి సూర్యుణ్ణి చూడొద్దు.

రెండు నిమిషాలు తెరిచి సముద్రాన్ని పాలపొగలా మార్చే ఫోటోలు నాకు పెద్దగా నచ్చవు. అది యారాడైనా గోవాయైనా ఒకటే అయిపోతుంది. అల వెనక్కి లాగేటప్పుడు అర సెకను నుంచి ఒక సెకను తీసి చూడండి. నురగ ఇసుక మీద గీసే చారలు, రాళ్ళ చుట్టూ నీళ్ళు తిరిగే తీరు అప్పుడే కనపడతాయి. దీనికి మూడు స్టాపుల ఫిల్టరో ఆరు స్టాపులదో చాలు.

సాయంత్రం సముద్రం మీద నారింజ ఆకాశం కావాలని అడిగేవాళ్ళకి ఒక్క మాట. మనకి సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కొండల వెనక దిగుతాడు. ఆ రంగులు కావాలంటే తెల్లవారుజామునే రావాలి. సూర్యుడు లేవకముందు ఆకాశం నీలంగా ఉండే వేళని బ్లూ అవర్ అంటారు గానీ మన అక్షాంశంలో అది గంట ఉండదు, పనికొచ్చే వెలుగు పాతిక నిమిషాలు ఉంటే ఎక్కువ. పైగా మూడు నాలుగు నిమిషాలకోసారి ఎక్స్‌పోజర్ మారిపోతుంది. ఆ వేళకి జాలరిపేటలో పడవలు దించుతుంటారు. వాళ్ళ కళ్ళలోకి టార్చి కొట్టకండి, వాళ్ళకి అది పని వేళ.

అపోహ: స్టీల్ ఊల్ తిప్పితేనే అసలైన లైట్ పెయింటింగ్.

ఇది నాకు కోపం తెప్పించే అపోహ. సన్నని స్టీల్ ఊల్‌ని (ఇనుప పీచుని) తీగకి కట్టి, అంటించి తిప్పితే ఎగిరేవి ఉత్త వెలుగు చుక్కలు కావు, మండుతున్న ఇనుప రేణువులు. చాలా మీటర్ల దూరం ఎగిరి, కింద పడ్డాక కూడా కాసేపు ఎర్రగా ఉంటాయి. మన తీరంలో అవి పడేది ఎక్కడ? నైలాన్ వలల మీద, ఫైబర్ పడవల మీద. తొట్లకొండ, కంబాలకొండ వైపు వేసవిలో ఎండిన గడ్డి మీద. 2023 నవంబరులో ఫిషింగ్ హార్బర్‌లో పదుల కొద్దీ బోట్లు కాలిపోయిన రాత్రిని ఈ ఊరు మర్చిపోలేదు. దానికీ ఫోటోలకీ సంబంధం లేదు, కానీ వలల పక్కన నిప్పు తిప్పే కుర్రాణ్ణి చూసి అక్కడివాళ్ళు కేకలేస్తే తప్పు వాళ్ళది కాదు. ఎర్రమట్టి దిబ్బల్లోనూ వద్దు, అది రక్షించాల్సిన చోటు. నా దగ్గర నేర్చుకునేవాళ్ళకి నేను స్టీల్ ఊల్ నేర్పను.

నిప్పురవ్వలే కావాలంటే మనకి దీపావళి ఉంది. గోగు కాడలకి గుడ్డ చుట్టి వెలిగించి, "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగుల చవితి" అంటూ పిల్లలు తిప్పి నేలకి కొట్టేది ఇంటి ముందే, పెద్దవాళ్ళ ఎదుటే, పక్కన బకెట్ నీళ్ళతో. ఐఎస్ఓ 100, ఎఫ్/11, నాలుగు సెకన్లతో మొదలుపెట్టండి. కాకరపువ్వొత్తుల కన్నా ఈ దివిటీల గీత మెత్తగా, ఎర్రగా వస్తుంది. మిగతా రోజుల్లో టార్చి మూతికి తొడిగిన తెల్ల ప్లాస్టిక్ సీసా, గిఫ్టులకి చుట్టే రంగు కాగితం, సైకిల్ చక్రానికి కట్టిన చిన్న దీపం చాలు.

అపోహ: ఎక్కువసేపు తెరిస్తే సెన్సర్ కాలిపోతుంది.

రాత్రి దృశ్యానికి కాలదు. వేడెక్కుతుంది, ఫోటోలో రంగు చుక్కలు వస్తాయి, అంతే. నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంటే నాలుగు నిమిషాల ఫోటో తర్వాత కెమెరా ఇంకో నాలుగు నిమిషాలు మూసిన షట్టర్‌తో తీసి ఆ చుక్కల్ని తీసేస్తుంది. కెమెరా హ్యాంగయిందని బ్యాటరీ పీకేయకండి. నిజంగా సెన్సర్‌ని పాడుచేసేది లేజర్. ఫంక్షన్లలో లేజర్ షో పుంజం నేరుగా లెన్స్‌లోకి వస్తే పిక్సెళ్ళు శాశ్వతంగా పోతాయి. లైట్ పెయింటింగ్‌లో లేజర్ పాయింటర్ వాడినా కెమెరా వైపు తిప్పకూడదు, మనిషి కళ్ళ వైపు అసలే వద్దు.

అపోహ: ట్రైపాడ్ ఉంటే ఫోటో కదలదు.

బీచ్‌లో కదులుతుంది. తడి ఇసుకలో అల వచ్చి వెళ్ళిన ప్రతిసారీ కాళ్ళ కింద ఇసుక జారి ట్రైపాడ్ దిగుతుంది. ముందే గట్టిగా లోపలికి నొక్కి, రెండు మూడు అలలు పోయాక తీయండి. స్టెబిలైజర్ (చేతి వణుకుని సరిచేసే ఏర్పాటు) ఆపండి, మెడ పట్టీ తీసేయండి, గాలికి అదే ఊగుతుంది. రెండు సెకన్ల టైమర్ వాడండి. ఇంటికెళ్ళాక ట్రైపాడ్ కాళ్ళు మంచినీళ్ళతో కడగకపోతే ఉప్పుకి ఆర్నెల్లలో బిగుసుకుపోతాయి. ఏసీ కారులోంచి దిగగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. తుడిచినకొద్దీ మళ్ళీ పడుతుంది కాబట్టి, బ్యాగు జిప్ తీయకుండా అరగంట బయట ఉంచడమే మార్గం.

ఎక్కడైనా తీసుకోవచ్చనుకోవడం కూడా పొరపాటే. మనది నేవీ ఊరు. డాల్ఫిన్స్ నోస్, పోర్టు, షిప్‌యార్డు చుట్టుపక్కల ట్రైపాడ్ దించితే ఎవరో వచ్చి అడుగుతారు, అడగాలి కూడా. ఫోటో చూపించి, "సరేనండీ" అని సర్దుకోవడమే మర్యాద. డ్రోన్ సంగతైతే అనుమతి లేకుండా బ్యాగులోంచి తీయనే తీయకండి.

చివరగా సీరియల్ సెట్లు. పూర్ణా మార్కెట్‌లో కొన్న కరెంటు సెట్టుని డాబా మీద తిప్పితే గీత బదులు చుక్కలు వచ్చాయని చాలామంది అడుగుతారు. కెమెరా తప్పేం కాదు. కరెంటు మీద నడిచే చవక ఎల్‌ఈడీలు సెకనుకి యాభై సార్లో వంద సార్లో ఆరి వెలుగుతాయి. కొత్త బళ్ళ వెనక లైట్లు కొన్ని రోడ్డు మీద తెగిన గీతలుగా రావడానికీ ఇలా ఆరి వెలగడమే కారణం. చుక్కలు మీకు నచ్చితే వాటినే వాడుకోండి, నాకైతే సముద్రం ముందు బాగానే ఉంటాయి. ఏకధార గీత కావాలంటే బ్యాటరీ మీద వెలిగే సెట్టు అడగండి. కొనేముందు షాపులోనే వెలిగించి కళ్ళ ముందు ఒకసారి వేగంగా ఊపి చూడండి. ఆరి వెలిగేదైతే చుక్కలు అక్కడే కనపడతాయి.